చీటీలో ఆఖరి వరుస

ఇంట్లో నాకొక చెడ్డపేరు ఉంది. ఎవరైనా ఫోటో తెచ్చి చూపిస్తే, అందరిలాగా బాగుందనో బాగా లేదనో అనకుండా, "ఆ రోజు ఎట్లా గడిచింది?" అని అడుగుతానట. మొన్న మా కోడలి చెల్లెలు తన పెళ్లి ఫోటోలు పట్టుకొచ్చింది. ఇప్పుడన్నీ రంగుల ఫోటోలే కదా, చీర అంచులో జరీపోగుతో సహా కనిపిస్తుంది. అందరూ నగల గురించీ, మండపం గురించీ మాట్లాడుతుంటే నేను అలవాటు కొద్దీ ఆ ప్రశ్న వేశాను. గలగలా మాట్లాడుతున్న పిల్ల ఫోటోలు సర్దుకోవడం మొదలుపెట్టింది. "ముసలాయనకు వేరే పని లేదు" అని మా కోడలు మాట మార్చేసింది.

ఆ ప్రశ్న నాది కాదు. శాలిబండలో ఒక ఫోటో స్టూడియో మేడ మీద, ఉత్తరం కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చుని, నలుపు తెలుపు ఫోటోలకు రంగులు వేసిన ఒక మనిషిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పుకోవడం నాకేమీ గొప్పగా ఉండదు. అయినా చెబుతాను.

నిజాం పాలన నాటి సంగతి. మా నాన్న గుడిలో అర్చకుడు. నాకు మంత్రాలు ఎంత కొట్టినా నోటికి రాలేదు గాని చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. ఆ చేతిరాతే నన్ను స్టూడియోలో గుమాస్తాను చేసింది. స్టూడియో యజమాని సేఠ్‌కు ఉర్దూ తప్ప మరో రాత రాదు. మేడ మీది రంగులాయనకు తెలుగు తప్ప మరో రాత రాదు. ఇద్దరి మధ్యా నేను.

నా పని రంగుల చీటీలు రాయడం. అప్పటి ఫోటోల్లో ఎర్ర బొట్టు నల్లగా పడేది, నీలం చీర తెల్లగా వచ్చేది. ఫోటో చూసి అసలు రంగేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకని దిగినవాళ్లను ఆ పూటే నిలబెట్టి అడిగి రాసుకోవాలి. పైన పేరూ ఊరూ, కింద చీర చిలకపచ్చ, రవిక కుంకుమ రంగు, తలపాగా గులాబీ, చెవిపోగుల రాళ్లు ఎరుపు. ఆ చీటీని ఫోటోకు గుండుసూదితో గుచ్చి మేడ మీదికి పంపాలి. ఇంతకు మించి తెలివితేటలతో పని లేదని నేను సంతోషించాను. ఆ సంతోషం వారం రోజులుంది.

వారం తర్వాత ఆయన చీటీల కట్ట పట్టుకుని మెట్ల మధ్య దాకా దిగివచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కిందికి పూర్తిగా దిగడం ఆయనకు ఇష్టం ఉండదు.

"ఏంది పంతులూ, బట్టల రంగులు రాసినవ్. మనిషి రంగేది?"

"నలుపో చామనచాయో ఫోటోల కనవడ్తనే ఉండె గదా ఉస్తాద్!"

"తోలు రంగు గాదయ్యా. ఆ దినం వాళ్లకు ఎట్లుండె? గదడుగు. ఆఖర్ల ఒక వరుస పెట్టి రాయి."

ఆయన పద్ధతి ఏమిటంటే, చీరకూ నగలకూ రంగులు వేసేముందు ఫోటో మొత్తం మీద ఒక పల్చటి నీటి పూత వేసేవాడు. అది ఆరాకనే మిగతా పని. ఆ పూతను బట్టి ఫోటో మొత్తం మారిపోయేది. అదే మనిషి, అదే తలపాగా, అదే స్టూడియో కుర్చీ. ఒక పూత వేస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ ఉన్నట్టుంటాడు, ఇంకో పూత వేస్తే ఆ కుర్చీలో వదిలేసి అందరూ వెళ్లిపోయినట్టుంటాడు. ఆ పూతలకు ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. పాలు పోయని చాయ్ డికాషన్‌తో వేసేది "దీపాలు పెట్టేయాళ్ల", అంటే దీపాలు పెట్టే వేళ. చాకలి నీలిమందు చుక్క కలిపిన నీళ్లతో వేసేది "వాన ఆగినంక". బూడిదలాంటి పసుపు ఒకటి ఉండేది, దేనితో చేసేవాడో చెప్పలేదు. దాని పేరు "ఇంట్ల ఎవరు లేని పగలు". ఏ పూత వేయాలో తేల్చుకోవడానికే ఆఖరి వరుస కావాలని ఆయన పట్టు.

హోటల్ నుంచి రోజూ రెండు చాయ్‌లు వచ్చేవి. పాలు పోసింది ఆయన తాగేవాడు, పాలు లేనిది ఫోటోలు తాగేవి.

మొదట్లో నేను బుద్ధిగానే అడిగాను. ఎన్ని తిట్లు తిన్నానో! ఉస్మాన్‌గంజ్‌లో పాల వ్యాపారం చేసే ఒక పెద్దాయన జరీ తలపాగా చుట్టుకుని, వెండి పిడి చేతికర్ర పట్టుకుని దర్జాగా దిగాడు. చీర, రవిక గొడవ లేదు గనక చీటీ తొందరగా అయిపోయింది. ఆఖరి వరుస దగ్గర నీళ్లు నమిలాను.

"బాపూ, ఇయ్యాల మీకు ఎట్లుంది?"

"ఏంది? నాడి గిట్ల చూస్తవా? ఫోటో దిగెతందుకొస్తే నా కత నీకెందుకు?"

సేఠ్ లోపల్నుంచి "అరే, యే స్టూడియో హై యా కచేరీ?" అని, ఇది స్టూడియోనా కోర్టా అన్నట్టు కేకేశాడు. నేను చీటీ మడవబోతుంటే పెద్దాయన వెళ్లినట్టే వెళ్లి గడప దగ్గర ఆగాడు. "పొద్దుగాల మా బర్రె ఈనింది. దూడ దక్కలే. గది నేను చేతులార పెంచిన బర్రె. దూడను ఎత్తుకపోయిన దిక్కే మొహం పెట్టుకొని అరుస్తాంది. ఫోటోకు దినం చెప్పుకున్న గద అని వచ్చిన" అని చెప్పి వెళ్లిపోయాడు.

అదే రాసి పంపాను. ఉస్తాద్ "వాన ఆగినంక" వేశాడు. జరీ తలపాగా, వెండి పిడి, అన్నీ మెరుస్తూనే ఉన్నాయి. కాని మనిషి మాత్రం ఎక్కడో దూరంగా ఉన్న అరుపు వింటున్నట్టున్నాడు. పెద్దాయన ఫోటో తీసుకుని బెంచీ మీద కూలబడి చాలాసేపు చూశాడు. "గిది నేనే" అన్నాడు. ఫోటోల్లో తమను తాము గుర్తుపట్టడం అందరికీ మామూలే. ఆ మాట అంత మెల్లగా అన్నవాణ్ణి మాత్రం నేను ఆయన్నే చూశాను.

మేడ మీదికి వెళితే ఉస్తాద్ అన్నం తినబోతూ పుక్కిలిస్తున్నాడు. రంగులు ఒక చిన్న పుస్తకంలో ఉండేవి. ఒక్కో పేజీ ఒక్కో రంగు కాగితం. గోరంత చింపి ముత్యపుచిప్పలో నీళ్లు పోసి కరిగించుకుని, కుంచె మొన సన్నగా రావడానికి నాలుకతో తడి చేసేవాడు. దాంతో ఆయన నాలుక ఎప్పుడూ రంగులమయం. పొద్దుటి నుంచి చీరలు వేశాడో, వెనకాల కట్టే తోట బొమ్మల పరదాలు వేశాడో నాలుక చూసి చెప్పవచ్చు. పాలాయన అన్న మాట చెప్పాను. ఆయన పచ్చటి నాలుకతో "జూసినవా మరి" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

మాటలంటే ఆయనకు ఒక కోపం ఉండేది. అంతకుముందు బొంబాయిలో మూగ సినిమాల రీళ్లకు రంగు పట్టించే పని చేశాడట. రాత్రి సీను అయితే రీలును నీలం తొట్టిలో ముంచాలి, దీపం వెలుగైతే పసుపు తొట్టి, ఇల్లు తగలబడితే ఎరుపు. తర్వాత రీలు అంచునే మాటలు కూడా అచ్చుపడడం మొదలైంది. రంగులో ముంచితే ఆ మాట పాడయ్యేది. తొట్లన్నీ ఒలకబోసి పనివాళ్లను పంపేశారు.

"మాటలొచ్చినయ్, రంగులు వొయినయ్. ఇప్పుడు రాత్రయిందని మనిషి నోటితోటి చెప్తుండు. అప్పుడు నేను చెప్తుంటి" అన్నాడొకసారి.

ఆయన గది యాకుత్‌పురా స్టేషన్ పక్కన. ఒక సెలవు రోజున పండగ ప్రసాదం ఇచ్చి రమ్మని మా అమ్మ పంపితే వెళ్లాను. చాప, కుండ, ఒక ట్రంకుపెట్టె. గోడల మీద ఒక దేవుడి పటం కూడా లేదు. ఫోటోల మధ్య బతికే మనిషి గోడకు ఒక్క ఫోటో లేదేమని అడిగాను.

"దినమంత మొహాలే జూస్తి. ఇంటికొచ్చినంక గోడలు చాలు" అని, నాకు కూర్చోవడానికి చాప దులిపి వేసి తను నేల మీద కూర్చున్నాడు. ఇంటికి ఎవరైనా వస్తే ఏం మాట్లాడాలో ఆయనకు తెలియలేదు. ప్రసాదం బాగుందని మూడుసార్లు చెప్పాడు. ఒక రైలు వెళ్లింది. ఆ రైలు వెళ్లిందని కూడా చెప్పాడు. నేను లేచేసరికి ఆ మొహంలో కనిపించింది అలసటో దిగులో అప్పుడు పోల్చుకోలేదు. ఇంకొంచెం సేపు కూర్చోవలసింది. నాకు ఇంకా చాలా ఇళ్లకు ప్రసాదం ఇవ్వాల్సి ఉండి వచ్చేశాను.

ఇక నా సంగతి. రెండేళ్లు అడిగాను, మూడేళ్లు అడిగాను. ఒక ముసలమ్మ ఆ ప్రశ్నకు జవాబుగా తన కాపురమంతా చెప్పి వెళ్లింది, ఆ రోజు ఎనిమిది మంది ఫోటో దిగకుండానే తిరిగిపోయారు. సేఠ్ నన్ను ఎత్తిపొడిచాడు. అప్పటి నుంచి, జనం ఎక్కువున్న రోజుల్లో ఆఖరి వరుస నేనే రాయడం మొదలుపెట్టాను. చీర రంగు అడిగేవాణ్ణి, మనిషి వెళ్లిపోయాక "ఆ దినం: సంతోషం" అని గీకేవాణ్ణి. తర్వాత తర్వాత జనం తక్కువున్న రోజుల్లో కూడా అదే చేశాను. ఒకసారి అలవాటైన అబద్ధానికి రద్దీ అక్కర్లేదు. మేడ మీది నుంచి ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు.

యుద్ధం రోజులు వచ్చాయి. బయటి దేశాల నుంచి రంగు కాగితాల పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఆయన మోదుగుపూలు మరిగించీ, పసుపు నూరీ ఎట్లాగో నెట్టుకొస్తున్నాడు. పాత పుస్తకంలో గులాబీ పేజీలో బొటనవేలంత ముక్క మిగిలితే ఎవరికీ వాడకుండా దాచాడు.

అట్లాంటి రోజుల్లో ఒక పగటిపూట జడ్చర్ల నుంచి ఒక జంట వచ్చింది. అతను ముప్పై లోపు, ఆమెకు ఇరవై ఉంటాయేమో. ఫోటో అయిపోయింది. రంగులన్నీ అతనే చెప్పాడు. అతను చెప్పులు వేసుకోవడానికి గడప దాటగానే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగింది.

"అన్నా, ఈడ రంగులేసేటాయన ఉంటడట గద. ఆయనను ఒక్కసారి జూడొచ్చా?"

"వీలు కాదమ్మా. ఎవ్వర్ని పైకి రానియ్యడు" అన్నాను. అబద్ధం కాదు, అది స్టూడియో పద్ధతే. రంగులు వేసే చోటికి జనం వస్తే దుమ్ము లేస్తుందని. ఆమె మెట్ల వైపు చూసింది. బయటి నుంచి భర్త పిలిచాడు. వెళ్లిపోయింది. నేను చీటీ ముందుకు లాక్కుని, తల ఎత్తకుండా ఆఖరి వరుసలో "సంతోషం, నవ్వుతూ ఉంది" అని రాశాను.

ఆ ఫోటోకు ఉస్తాద్ పది రోజులు తీసుకున్నాడు. మామూలుగా రెండు రోజుల పని. ఏమైందో చూద్దామని వెళితే దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. "దీపాలు పెట్టేయాళ్ల" వేశాడు. ఇన్నేళ్లలో అంత వెచ్చటి పూత నేను చూడలేదు. ఆమె చెంపల మీద, దాచుకున్న ఆ గులాబీ.

"ఇది నా బిడ్డ పంతులూ" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పిల్లకు రెండేళ్లప్పుడు భార్య పోయింది. పిల్లను బావమరిది ఇంట్లో వదిలి బొంబాయి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల మేనమామనే బాపు అంటోంది. ఇప్పుడు నువ్వొచ్చి దాని మనసు కలతపెట్టకు అన్నారు వాళ్లు. సరేనన్నాడు. పెళ్లయిన నెలకు కబురు పంపారు, అల్లుడి పేరుతో సహా. ఆ పేరు చీటీలో చూశాడు, తర్వాత ఫోటోలోని పిల్లలో పోయిన తన భార్య మొహం చూశాడు.

"జడ్చర్లకు పోయి ఒక్కసారి కండ్లార జూసి వద్దామని శాన దినాల సంది అనుకుంటున్న. ఇగ పోను. నువ్వు రాస్తివి గద, సంతోషంగుందని. నవ్విందని. మంచిగున్న పిల్లకు కొత్తగ తండ్రిని జూపుడెందుకు? గంతే గద?"

ఆ అమ్మాయి మెట్ల వైపు చూసిన చూపు అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. చెబితే ఏడేళ్ల చీటీలన్నీ చెప్పాలి. "గంతే ఉస్తాద్" అన్నాను.

ఫోటో తీసుకోవడానికి భర్త ఒక్కడే వచ్చాడు. ఆ రోజు ఉస్తాద్ మెట్లన్నీ దిగి, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి, తనే రెండు చేతులతో అందించాడు. గుమ్మం బయటికి ఒకసారి తొంగిచూశాడు. ఎవరూ లేరు.

అతను కాగితం విప్పి చూసి మురిసిపోయాడు. "భలేగుంది అన్నా. మా ఆమె మొహం గింత కళగ నేనే ఎన్నడు జూడలే" అన్నాడు.

ఉస్తాద్ ఆ మాట విన్నాడో లేదో తెలియదు. నేను విన్నాను.

తర్వాత రెండేళ్లు. రోజూ రేపు చెబుదామనుకునేవాణ్ణి. ఆయన రోజూ రెండు చాయ్‌లు తెప్పించుకునేవాడు. ఎప్పుడైనా పని మధ్యలో, "జడ్చర్ల దిక్కు వానలు వడ్డయట" అనేవాడు, ఎవరితోనో మాట కలుపుతున్నట్టు. తన బిడ్డకు పిల్లలు పుట్టిన మాటేమైనా తెలిసిందా అనేవాడు. నాకెట్లా తెలుస్తుంది? తెలియదని చెప్పి కిందికి దిగేవాణ్ణి. మేడ మెట్లు ఎక్కడం తగ్గించుకున్నాను. చీటీలు వెదురుబుట్టలో పెట్టి తాడుతో పైకి పంపే ఏర్పాటు ఒకటి చేశాను. పని సులువైందని సేఠ్ మెచ్చుకున్నాడు. మేడ మీద ఆయనకు ఆ రోజుకు దొరికే ఒక్క పలకరింపూ దాంతో పోయింది. ఆ సంగతి నాకు తెలుసు.

వానాకాలంలో ఆయనకు జ్వరం పట్టుకుని ఊపిరితిత్తులకు దిగింది. దవాఖానలో చేర్చాం. చూడటానికి నేను తప్ప ఎవరూ రాలేదు. డాక్టర్ నాలుక చాపమన్నప్పుడు చూశాను, అందరి నాలుకలాగే ఉంది. అది చూసి నాకు భయం వేసింది. డాక్టర్ పోగానే మంచం పక్కన కూర్చున్నాను.

"ఉస్తాద్, ఒక మాట చెప్పాలె. చీటీలల్ల ఆఖరి వరుస నేను అందర్ని అడిగి రాయలే. శాన మట్టుకు నేనే గీకిన."

ఆయన కళ్లు మూసుకునే నవ్వాడు. "నాకెరుకే."

"ఎట్లెరుక?"

"ఎవ్వరిది జూసినా సంతోషమే రాస్తివి. గంత సంతోషం ఈ శహర్ల యాడుందయ్యా? నేను మొహాలు జూసి ఏస్తుంటి." దగ్గు వచ్చింది. తగ్గాక మళ్లీ అన్నాడు. "ఒక్కటే నమ్మిన. నా బిడ్డది. దాని కండ్లు జూస్తె వేరే తీర్గ కొట్టింది. అయినా నువ్వు రాసిందే నమ్మిన. నమ్మబుద్ధయింది."

ఇక దాచలేకపోయాను. "ఆ దినం ఆమె నిన్ను జూడాలని అడిగింది ఉస్తాద్. నేనే పైకి పంపలే."

కళ్లు తెరిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏమని అడిగింది?"

"రంగులేసేటాయన ఉంటడట గద, ఆయనను ఒక్కసారి జూడొచ్చా అని."

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆయన అన్నదా? బాపు అన్నదా?"

ఇన్నేళ్ల అబద్ధం ఆ క్షణమే ఒప్పుకున్నాను. అదే నోటితో మళ్లీ ఇంకొకటి ఆడకూడదనుకున్నాను. పంతులు పుట్టుక కదా, నీతి సరిగ్గా అప్పుడే అడ్డం వచ్చింది.

"ఆయన అన్నది" అన్నాను.

"గంతే గద. ఎరుగని మనిషిని ఇంకేమంటది" అని మోచెయ్యి వదిలేశాడు. కాసేపటికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం రైలుకే జడ్చర్ల వెళ్లాను. ఆ అమ్మాయిని వెతికి పట్టుకుని సంగతి చెబితే పొయ్యి మీద కుండ దించి, కట్టుకున్న చీరతోనే బయలుదేరింది. పెళ్లయ్యాక మేనమామ భార్య ఆమెకు నిజం చెప్పిందట, నీ కన్నతండ్రి శాలిబండలో ఫోటోలకు రంగులు వేస్తున్నాడని. స్టూడియోకు వెళదామని భర్తను పోరి పోరి తెచ్చింది అందుకేనట. మర్నాడు పొద్దున మేము దవాఖానకు చేరేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. తెల్లవారుజామునే పోయాడని చెప్పారు.

శవాన్ని ఉంచిన గదిలో ఆమె ఆయన మొహం మీది గుడ్డ తీసి చూసింది. తండ్రి అని తెలిసి చూడటం అదే మొదటిసారి. ఏడవలేదు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడింది.

"అన్నా, నా గురించి ఏమన్న అడిగిండా?"

"అడిగిండమ్మా. నువ్వు ఆయన అన్నవా, బాపు అన్నవా అని అడిగిండు."

"బాపు అందామనే వచ్చిన ఆ దినం. కొత్త మనుషుల ముందట నోరు రాలే." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేం జెప్పినవ్?"

"బాపు అన్నదని చెప్పిన" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని లేచి, నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.